పదకొండు సీసాలు, పేరు లేని ఒక డబ్బా

ప్రశ్న: నమస్తే ఆంటీ. మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 27. మాఘమాసంలో పెళ్లి. పెళ్లిచూపులప్పుడు వాళ్ల పెద్దమ్మ "పిల్ల కాస్త చామనఛాయ" అందట. అప్పట్నుంచి రెండు పూటలా ముఖానికి ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. నెలకి ఆరువేలు పైనే అవుతోంది. పార్లర్ అక్క ఇచ్చిన క్రీముతో రెండు వారాల్లో ముఖం మెరిసింది. ఇప్పుడు అది ఒక్క రాత్రి మానేస్తే ఎర్రబడుతోంది, ఎండలోకి వెళ్తే మంట. మెడ మాత్రం ఎంత రుద్దినా నలుపే. జూన్‌లో సన్‌స్క్రీన్ కూడా కొన్నాను, ఇంకా సగం ఉంది. అమ్మేమో ఆ విషాలన్నీ పారేసి సున్నిపిండి రుద్దుకోమంటుంది. రూమ్మేట్ ఇంకో సీరం కొనమంటుంది. పార్లర్‌లో గ్లూటాథయోన్ డ్రిప్ ప్యాకేజీ చెబుతున్నారు. వీటిలో నిజమేది, ప్రచారమేది? అల్మరా ఫోటో పంపుతున్నాను.

సమాధానం: తల్లీ, నీ ఫోటోని పెద్దది చేసి చూశాను. వరసగా పదకొండు సీసాలు, వాటి వెనక బ్రష్షుల మగ్గు పక్కన ఒక తెల్ల డబ్బా. సీసాలన్నిటి మీదా అక్షరాలున్నాయి. డబ్బా మీద పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు, ఎవరు తయారు చేశారో లేదు. పార్లర్ అక్క ఇచ్చింది అదే అయ్యుంటుంది. నువ్వు సీసాల గురించి అడిగావు గానీ నేను డబ్బాతోనే మొదలుపెడతాను. సీసాలతో పోయేది చాలావరకు డబ్బే. డబ్బాతో ఆరోగ్యమే పోవచ్చు.

"రెండు వారాల్లో మెరిసింది, మానేస్తే ఎర్రబడుతోంది" అన్నావు చూడు, ఆ మాట వింటే స్కిన్ డాక్టరెవరైనా ముందు స్టెరాయిడ్ గురించే అడుగుతారు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ లాంటివి గజ్జి కాని దురదలకీ, ఎగ్జిమాకీ, సోరియాసిస్‌కీ మంచి మందులే, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే. అవి రాయగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తగ్గుతుంది, ముఖం తేటగా కనిపిస్తుంది. అదే నువ్వు చూసిన మెరుపు కావచ్చు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి నాళాలు పైకి కనపడతాయి, మొటిమలొస్తాయి, కొందరికి బుగ్గల మీద వెంట్రుకలు కూడా వస్తాయి. మానేస్తే మంటా ఎరుపూ తిరగబడతాయి. దాంతో "క్రీము మానేశాను కాబట్టే ఇలా అయింది" అనుకుని మళ్లీ అదే రాస్తాం. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే మన చర్మవైద్యులే దీనికి 'స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం' అని వైద్యభాషలో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకున్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. పార్లర్ బల్ల మీద డబ్బాకి చీటీ ఎవరడుగుతారు?

స్టెరాయిడ్ కాకపోతే పాదరసం కావచ్చు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా పాదరసం అడ్డుపడుతుంది, అందుకే తెల్లబడతారు. అది చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది, మూత్రపిండాల మీద పడుతుంది. 2023లో కేరళలో మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే ఫెయిర్‌నెస్ క్రీములు బయటపడ్డాయి. మన చట్టం ప్రకారం సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదు. అయినా ఊరూపేరూ లేని డబ్బాల్లో దొరుకుతూనే ఉంది.

నీ డబ్బాలో ఏముందో ఫోటో చూసి నేను చెప్పలేను, నింపినవాళ్లకే తెలియాలి. కాబట్టి ఈ రాత్రి నుంచి అది రాయకు. పారేయకు కూడా. మూత బిగించి ఒక కవర్లో పెట్టుకుని ఈ వారంలోనే స్కిన్ డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లు. ప్రైవేటు ఫీజు ఎక్కువనుకుంటే శివాజీనగర్‌లో బౌరింగ్, కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా, రెండూ ప్రభుత్వ ఆసుపత్రులే, చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. ఎన్ని నెలలుగా రాస్తున్నావో దాచకుండా చెప్పు. మానగానే ముఖం ఎర్రబడితే కంగారుపడి మళ్లీ డబ్బా తెరవకు. ఆ ఎరుపుని దించడానికి డాక్టర్ల దగ్గర పద్ధతులున్నాయి.

డ్రిప్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. రంగు తేలడానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్ ఇవ్వడానికి మన దేశంలో అనుమతి లేదు. పార్లర్‌లో నరానికి సూది గుచ్చనివ్వడం ఏ ప్యాకేజీలో ఉన్నా తప్పే. వద్దని చెప్పెయ్.

ఇక సీసాలు. నేను బెంగళూరు పీణ్యాలో ఒక సౌందర్య సాధనాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో 22 ఏళ్లు పనిచేశాను. పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత) చూడటం, చిక్కదనం చూడటం, ఎండాకాలం గోడౌన్‌లో క్రీము విరిగిపోతుందో లేదో చూడటం నా పని. ఒకసారి మార్కెటింగ్ వాళ్లు కుంకుమపువ్వు క్రీము కావాలన్నారు. బేస్ పాతదే, మూడేళ్లుగా వేరే పేరుతో అమ్ముతున్నదే. 200 కిలోల బ్యాచ్‌కి కుంకుమపువ్వు సారం ఎంత వెయ్యమంటారు అని అడిగితే 20 గ్రాములు అన్నారు. చిన్న త్రాసు మీద గాజు పళ్లెంలో నేనే తూచాను. పళ్లెం అడుగు కూడా నిండలేదు. అంటే పదివేల పాళ్లలో ఒక పాలు. అట్టపెట్టె మీద మాత్రం దోసెడు కుంకుమపువ్వు బొమ్మ వచ్చింది, ధర రెట్టింపయింది. అబద్ధం ఎక్కడా రాయలేదు. కుంకుమపువ్వు ఉందన్నారు, ఉంది మరి.

ఆ చిటికెడు వ్యవహారం నీకూ తెలియాలంటే సీసా తిప్పి వెనక చూడు. ఒక శాతం దాటిన పదార్థాలన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రాయాలని నిబంధన. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. అయితే ఆ గీత ఎక్కడుందో వాళ్లు చెప్పరు. మేం ల్యాబ్‌లో వాడే గుర్తు ఒకటి చెబుతాను. ఫినాక్సీఇథనాల్ అని, సరుకు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ ఒకటి చాలా వాటిలో ఉంటుంది. దాన్ని ఒక శాతం మించి వాడకూడదు. కాబట్టి ఆ పేరు తర్వాత వచ్చేవన్నీ ఒక శాతానికి లోపే. నీ రూమ్మేట్ కొనమన్న సీరం వెనక చూస్తే ముందువైపు బంగారు అక్షరాల్లో ఉన్న మూలికలన్నీ దీని కిందే కనపడొచ్చు. రెటినాల్ (విటమిన్ ఎ రకం) లాంటివి అర శాతం లోపు ఉన్నా పనిచేస్తాయి కాబట్టి, కిందున్నదల్లా దండగ అనుకోకూడదు. పూలూ పండ్లూ ముత్యాలూ వజ్రాల పొడీ మాత్రం కిందుంటే బొమ్మకోసమే.

"94 శాతం మహిళల్లో రుజువైంది" అని ఒక సీసా మీద ఉంది కదా, పక్కన చుక్క గుర్తు (*) కూడా ఉంది. ఆ చుక్క ఎక్కడికి పోయిందో వెతుకు. అట్ట అడుగున చీమంత అక్షరాల్లో 'వాడినవారి అభిప్రాయం ప్రకారం' అని దొరుకుతుంది. అంటే కొంతమందికి ఉచితంగా ఇచ్చి, నెల తర్వాత మీ చర్మం మెత్తగా అనిపించిందా అని అడిగారు. అనిపించిందన్నారు. మేం యంత్రంతో కూడా కొలిచేవాళ్లం, ముంజేతి మీద ఒక చోట క్రీము రాసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేసి, రెండు చోట్లా తేమ చూసేవాళ్లం. ఏమీ రాయని చర్మంతో పోటీపెడితే కొబ్బరినూనె కూడా గెలుస్తుంది. మామూలు మాయిశ్చరైజర్‌తో పోల్చి చూద్దామని నేనొకసారి అంటే మా మేనేజర్ నవ్వి ఊరుకున్నాడు. 'డెర్మటాలజిస్టులు పరీక్షించినది' అన్న మాట కూడా అంతే. పరీక్షించారు, సరే. ఫలితమేంటో ఆ మాటలో లేదు.

నీ సీసాల్లో పనికొచ్చేవీ ఉన్నాయి. నయాసినమైడ్ 5 శాతం సీరం పనిచేస్తుంది, మచ్చల రంగు కొంత తగ్గిస్తుంది, ఖరీదూ ఎక్కువ కాదు. విటమిన్ సి కూడా మంచిదే గానీ నీ సీసాలోది టీ డికాక్షన్ రంగులోకి తిరిగిపోయింది. గాలీ వెలుతురూ తగిలి ఆక్సీకరణం చెందితే ఆ రంగొస్తుంది, ఇక అది పనిచేయదు. స్నానాల గది కిటికీ పక్కన పెట్టావు కదా, ఇంకేమవుతుంది? కొలాజెన్ క్రీము ఒట్టి మాయిశ్చరైజరే. చర్మం పైపొరని దాటి లోపలికి పోవాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్లకి (అణువుల బరువుకి కొలత అది) లోపు ఉండాలని చర్మశాస్త్రంలో ఒక లెక్క. కొలాజెన్ అణువు సుమారు 3 లక్షలు. గుమ్మంలోనే ఆగిపోతుంది. స్వేదరంధ్రాలు మూసుకుపోయేలా చేసే టోనర్ అంటావా, రంధ్రాలకి మూయడానికీ తెరవడానికీ కండరాలే లేవు. నీలి కాంతి నుంచి కాపాడే మిస్ట్ గురించి నాకు జాలి తప్ప ఏమీ లేదు. నీ ల్యాప్‌టాప్ వెలుగు ఎండలో వచ్చే నీలి కాంతి ముందు లెక్కలోకే రాదు.

గ్లైకాలిక్ యాసిడ్, రెటినాల్, విటమిన్ సి, స్క్రబ్బు అన్నీ ఒకే వారంలో ఒకే ముఖం మీద పడుతున్నాయి. ఒక్కొక్కటి విడిగా మంచిదైనా నాలుగూ కలిసి చర్మం పైగోడని చెరిపేస్తాయి. మంటకి ఇదీ కారణం కావచ్చు. ప్రస్తుతం అన్నీ ఆపు. పెళ్లి దగ్గర్లో ఉంది కాబట్టి రెటినాల్ గురించి ఇంకో మాట, గర్భం కోసం చూస్తున్నప్పుడూ గర్భంతో ఉన్నప్పుడూ ఆ జాతి మందులేవీ వాడకూడదు. సీసా మీద ఆ మాట పెద్దక్షరాల్లో రాస్తే ఎంత బాగుండేది!

నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పిన ముక్క సన్‌స్క్రీన్ ట్యూబు. జూన్‌లో కొన్న 50 గ్రాములు కార్తీకం దాకా సగమే అయిందంటే రోజుకి గ్రాములో ఆరో వంతు రాస్తున్నావన్నమాట. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే నంబరు ఎస్పీఎఫ్. అది 50 అని ల్యాబ్‌లో తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ముఖానికీ మెడకీ కలిపి ఆ లెక్కన గ్రాము పైనే కావాలి. చూపుడువేలు, మధ్యవేలు రెండిటి పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు అంత వస్తుంది. అలా రాస్తే 50 గ్రాములు నెలన్నర కూడా రాదు. నువ్వు పూస్తున్న పలచటి పొరకి 50 దరిదాపుల్లో కూడా రక్షణ రాదు. ఎక్కువ నంబరు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం కూడా అనవసరం. సరిగ్గా రాస్తే 30 నంబరుది మండించే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50ది 98. పక్కనే పీఏ అని, దాని వెంట కూడిక గుర్తులు ఉన్నాయా చూడు. రంగు మార్చే యూవీఏ కిరణాలకి కొలత అదే. నాలుగు కూడికలు ఉంటే మంచిది.

"బెంగళూరులో ఎండెక్కడుంది ఆంటీ" అంటావేమో. ఇక్కడి చల్లగాలి చేసే మోసం అదే. ప్రొద్దుటూరులో ఎండ ఒళ్లు కాలుస్తుంది కాబట్టి కొంగు కప్పుకుంటాం. ఇక్కడ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం, గాలి హాయిగా ఉంటుంది, ముఖం మాడుతున్నట్టే తెలియదు. ఈ అతినీల లోహిత (యూవీ) కిరణాలకి వేడితో సంబంధం లేదు. మబ్బుల్లోంచీ చాలావరకు వస్తాయి. యూవీఏ మామూలు గాజులోంచి కూడా వస్తుంది, అంటే ఆఫీసులో అద్దాల గోడ పక్కన సీటూ లెక్కే, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో, క్యాబ్‌లో కిటికీ పక్కన ఇరుక్కున్న గంటా లెక్కే. రంగు తేలడానికి నువ్వు పెట్టే ఆరువేలలో అన్నిటికంటే ఎక్కువ పని చేయగలిగింది ఆ ట్యూబే, అదే అల్మరాలో నిద్రపోతోంది.

మెడ దగ్గరికొద్దాం. దాన్ని రుద్దడం మానెయ్. మెడ వెనకా చంకల్లోనూ వెల్వెట్ గుడ్డలా మందంగా నల్లబడితే అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చెప్పే సంకేతం. నెలసరి తప్పుతోందా, బరువు పెరిగావా, ఇంట్లో షుగరుందా అని డాక్టరు అడుగుతారు. పరగడుపున షుగర్ పరీక్ష చేయించుకో. ఆ నలుపు తగ్గేది లోపలి నుంచే.

ఇప్పుడు అమ్మగారి వైపు. కెమికల్స్ లేనివి మంచివన్న మాట ఆవిడదే కాదు, ఇప్పుడు కంపెనీలదీ. నీళ్లు కూడా కెమికలేనని ఎవరూ చెప్పరు. పారబెన్లు లేవని గొప్పగా రాసుకున్న కంపెనీలు కొన్ని వాటి బదులు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ వేశాయి. దానివల్ల చర్మం ఎలర్జీలు ఎంత పెరిగాయంటే అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ (ఏదైనా తగిలి చర్మానికి వచ్చే మంట, దద్దుర్లు) వైద్యుల సంఘం 2013లో దానికి 'ఆ ఏటి ఎలర్జీ కారకం' అని బిరుదిచ్చింది. భయపెట్టి అమ్మడం కూడా ప్రచారమే.

సున్నిపిండి చెడ్డదని నేననను. నూనె రాసుకున్న ఒంటికి అంతకంటే మెత్తగా జిడ్డు తీసేది లేదు. కానీ మీ వైపు సున్నిపిండిలో బావంచాలు వేస్తారా? వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎండతో కలిస్తే చర్మాన్ని నల్లబరుస్తుంది, బొబ్బలూ ఎక్కిస్తుంది. ఆ గుణం ఉంది కాబట్టే బొల్లికి వైద్యంలో వాడతారు. తెల్లబడాలని రుద్దుకునే పిండిలో నల్లబరిచే గింజ! నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడేదీ దాదాపు ఇలాంటి పదార్థాల వల్లే.

తమాషా ఏంటంటే నీ అల్మరాలో మూడో సీసా, 'సహజ రెటినాల్' అని రాసి ఉన్న బకూచియోల్ సీరం, అదీ బావంచాల నుంచి తీసిందే. శుద్ధి చేసినప్పుడు సోరాలెన్ తీసేస్తారు. 44 మందితో 12 వారాలు చేసిన ఒక అధ్యయనంలో అది రెటినాల్‌కి దీటుగా పనిచేసింది, మంట తక్కువ. చిన్న అధ్యయనమే అనుకో, అయినా కుంకుమపువ్వు చిటికెడు కంటే నయం. మీ అమ్మగారూ నువ్వూ ఫోన్లో పోట్లాడుకుంటున్నది ఒకే మొక్క గురించని ఆవిడకి తెలుసో లేదో.

డాక్టర్ని కలిసేదాకా ఏం రాయాలంటావు. వాసన లేని తేలికపాటి ఫేస్‌వాష్ లేదా సిండెట్ బార్ (బిళ్లలాగే ఉంటుంది గానీ మామూలు సబ్బు కాదు), వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ మండితే టోపీ, దుపట్టా. మామూలు సబ్బు ముఖానికి వద్దు, సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. శాండల్ సోప్ ఫ్యాక్టరీ మీదుగా ఇరవై ఏళ్లు ఇంటికెళ్లేదాన్ని నేను, ఆ గంధం వాసనంటే ప్రాణం, అయినా ఒంటికే గాని ముఖానికి రుద్దను. మీ పీజీలో బోరు నీళ్లో ట్యాంకరో అయితే సబ్బు నురగ రాక తెట్టులా మిగిలిపోతుంది, చర్మం బిగిసినట్టుంటుంది, దానికి సీరం కొనక్కర్లేదు. పెదాలకీ పగుళ్లకీ పెట్రోలియం జెల్లీ చాలు. 1870లలో పేటెంటు పుచ్చుకున్న సరుకు, చర్మంలోంచి నీరు ఆవిరైపోకుండా ఆపడంలో దాన్ని మించింది ఇప్పటికీ లేదు. చవక కాబట్టి ఎవరూ రీల్స్ చేయరు. వీటన్నిటికీ కలిపి నెలకి వెయ్యి దాటకూడదు.

పెద్దమ్మగారి మాట గురించి నేను చెప్పగలిగింది తక్కువ. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీగా వచ్చిన క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకుంది. మీ పెళ్లివారి పెద్దమ్మగారు ఇంకా మార్చుకోలేదు, అంతే. పుట్టుకతో వచ్చిన రంగుని రాసుకునే సీసా ఏదీ మార్చలేదు. ఎండకి కమిలినదీ, మచ్చలూ, మంటా తగ్గుతాయి. దానికి కూడా రెండు మూడు నెలలు పడుతుంది, చర్మం పైపొర మారడానికే దాదాపు నాలుగు వారాలు కావాలి. ఇవాళ డబ్బా ఆపితే మాఘానికి సరిగ్గా సరిపోతుంది.

ఇంకొకటి మర్చిపోయాను. నలుగు. పెళ్లికి ముందు అందరూ తలో చెయ్యీ వేసి ముఖానికి పట్టిస్తారు. ఇంకా మానని చర్మం కాబట్టి చేతులకీ కాళ్లకీ రాస్తే చాలని అమ్మగారికి ఇప్పుడే చెప్పి పెట్టు. ఈ నెలలోనే పిండి మర పట్టించడానికి పంపుతారు కదా, బావంచాలు మాత్రం వెయ్యవద్దను.